ఇంట్లో జరిగిన ప్రమాదం

“ఇంట్లో ఇస్త్రీ చేసుకుంటూ కాల్చుకుంది. అలాగే రాసెయ్యండి డాక్టర్‌గారూ,” అన్నాడు సూపర్‌వైజర్, కేస్ షీట్‌లో ఎక్కడ రాయాలో తనే వేలుపెట్టి చూపిస్తూ.

డాక్టరమ్మ ఆ వేలి వంక చూసింది. తర్వాత తన ముందు చాపి ఉన్న చేతి వంక చూసింది. మణికట్టు దాకా అరచేయీ, పై భాగమూ ఒకేలా కాలి, చర్మం పొరలుగా లేచిపోయింది. ఆ చెయ్యి తాలూకు మనిషి మంచం అంచున కూర్చుని, పెదవి కొరుక్కుంటూ గోడకేసి చూస్తోంది. ఒంటిమీద లాండ్రీ యూనిఫారం. తలమీద గుడ్డ టోపీ కూడా ఇంకా తియ్యలేదు.

“ఇంతకీ మీరెవరు?” అడిగింది డాక్టరమ్మ.

“హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీకి సూపర్‌వైజర్‌ని. ఈవిడ మా దగ్గరే పనిచేస్తుంది. పొద్దున డ్యూటీకి వచ్చేసరికే చెయ్యి కాలి ఉంది. పోనీలే పాపమని నేనే తీసుకొచ్చాను.”

“ఇలా కాలిన చేత్తో యూనిఫారం తొడుక్కుని, టోపీ సర్దుకుని మరీ డ్యూటీకి వచ్చిందా?”

సూపర్‌వైజర్ గొంతు సవరించుకున్నాడు. “పనంటే అంత ప్రాణం లెండి ఆవిడకి.”

డాక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఆమధ్య మీ దగ్గర్నుంచే ఒకమ్మాయి వేళ్ళు బొబ్బలెక్కి వచ్చింది. ఇంట్లో వేడినీళ్ళు పడ్డాయన్నారు. ఇంకొకాయన్ని నడుం పట్టేసిందని మోసుకొచ్చారు. ఇంటి మెట్లమీద జారాడన్నారు. మీ వాళ్ళు డ్యూటీలో క్షేమంగా ఉండి, ఇళ్ళకెళ్ళి మరీ దెబ్బలు తగిలించుకుంటారేం?”

“మా దగ్గర అంత జాగ్రత్తండీ.”

డాక్టరమ్మ రోగి వైపు తిరిగింది. “నువ్వు చెప్పమ్మా. ఎక్కడ కాలింది?”

ఆమె సూపర్‌వైజర్ వైపు చూసింది. అతను గుడ్లురిమాడు.

“సార్ చెప్పారుగా డాక్టర్‌గారూ,” అంది ఆమె తల దించుకుని. “ఇంట్లోనే.”

సూపర్‌వైజర్ డాక్టరమ్మను తెర పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. “మీ దగ్గర దాపరికం దేనికండీ? దుప్పట్లు నొక్కే వేడి రోలర్‌లో పడింది చెయ్యి. చేతులు లోపలికి పోకుండా దానికి అడ్డంగా ఒక కమ్మీ ఉండేది. పని నెమ్మదిస్తోందని మా యజమాని తీయించేశారు. ఇప్పుడు మీరు లాండ్రీలో కాలిందని రాశారనుకోండి, ఇన్‌స్పెక్టర్ వస్తాడు, రోలర్ ఆపేస్తాడు. నన్ను మేనేజర్‌ని చేస్తామన్నారు. నా నోట్లో మట్టి పడుతుంది.”

“అక్కడ మనిషి చెయ్యి పోయేలా ఉంటే, మీ ప్రమోషన్ గురించా మీ ఏడుపు?”

“మీ చేతి చలవ, అదే నయమైపోతుంది లెండి.”

“ఏది నయమవుతుంది? చెయ్యా, రోలరా?” డాక్టరమ్మ గొంతు వార్డంతా వినిపించింది. “పనిలో దెబ్బ తగిలితే రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఇంత పెద్ద దెబ్బయితే పై అధికారులకు కబురు పంపాలి. అది మీ యజమాని దయాదాక్షిణ్యం కాదు, బాధ్యత! మీరు ఇల్లని రాయిస్తే ఆ కమ్మీ మళ్ళీ ఎవడు బిగిస్తాడు? రేపు ఇంకొకరి చెయ్యి అందులోకి వెళ్తే?”

“నోరున్న మనిషి, ఆవిడే ఇంట్లో కాలిందంటుంటే మధ్యలో మీకేంటండీ బాధ?”

డాక్టరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. వచ్చి కుర్చీలో కూర్చుని కలం తీసింది.

“సరే. ఇంట్లోనే.”

సూపర్‌వైజర్ మొహం వెలిగిపోయింది. “చల్లగా ఉండాలండీ మీరు!”

“ఇస్త్రీ పెట్టె తగిలితే చెయ్యి ఒకవైపే కాలుతుంది,” అంది డాక్టరమ్మ రాస్తూనే. “రెండు వైపులా ఇలా కాలిందంటే, ఎవరో చెయ్యి కదలకుండా పట్టుకుని వాత పెట్టి ఉండాలి. ఇలాంటి కేసు వస్తే పోలీసులకు చెప్పక తప్పదు.” ఫోన్ అందుకుంది.

“పో... పోలీసులా?”

“మీకెందుకండీ కంగారు? మీ లాండ్రీ గడప కూడా తొక్కరు. వాళ్ళకి కావలసింది ఇంట్లో మనుషులు.” డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. “ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?”

ఆమె మొదటిసారి తలెత్తింది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ గొంతు వణకలేదు.

“నేనూ, మా ఆయనా. ఇంకో పురుగు కూడా ఉండదండీ.”

“అయితే పని తేలికే. ముందు మీ ఆయన్ని స్టేషన్‌కి పిలుస్తారు.”

“ఆగండాగండి!” సూపర్‌వైజర్ ఒక్క గెంతులో వచ్చి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. నుదుటిమీంచి చెమట ధారగా కారుతోంది. “లాండ్రీలోనే కాలింది! రోలర్‌లోనే! నా కళ్ళముందే జరిగింది! ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను!”

డాక్టరమ్మ కేస్ షీట్ అతని ముందుకు తోసింది. కమ్మీ తీయించిన సంగతితో సహా అంతా అతని చేతే రాయించి, కింద సంతకం పెట్టించుకుంది. ఇంతసేపూ బండరాయిలా నిలబడ్డ మనిషి ఒక్క మాటకే ఇలా కరిగిపోవడం ఆమెకు అంతుబట్టలేదు.

“కాలిన చెయ్యి చూస్తే కలగని జాలి, ఆవిడ మొగుడి మాటెత్తగానే పొంగుకొచ్చిందేమండీ?” అంది ఎకసెక్కంగా.

సూపర్‌వైజర్ చెమట తుడుచుకున్నాడు. మంచం మీంచి ఆమే జవాబు చెప్పింది.

“ఆయనకి కాక ఇంకెవరికి వస్తుందండీ? డ్యూటీలో సారు, ఇంటికొస్తే మా ఆయన.”