వెనక మెట్లు

మెకానిక్ వెనక తలుపుకు వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు. చంపినా కదలనన్నాడు.

ఎదురుగా అరవై మంది ఆడవాళ్ళు. మూడో అంతస్తు. ఆపే తీరిక లేక కొన్ని కుట్టు మిషన్లు ఇంకా గుర్రుమంటూనే ఉన్నాయి. ముందు మెట్ల మలుపులో పేర్చిన గుడ్డ బేళ్ళు అంటుకుని పావుగంట కాలేదు, అటువైపంతా పొగ నల్లగా కమ్మేసింది. దిగబోయిన ఇద్దరు దగ్గుకుంటూ వెనక్కి వచ్చి పడ్డారు. మెట్ల మీద బేళ్ళు పెట్టొద్దని ఆడవాళ్ళు ఎన్నిసార్లు మొత్తుకున్నారో లెక్క లేదు. బేళ్ళకు చోటు లేదన్నారు. మనుషులకు ఉన్నట్టు.

ఇక మిగిలింది వెనక తలుపు. దానికి తాళం. తీసి ఉంచితే ఆడవాళ్ళు బయట మెట్ల మీద గాలి పోసుకుంటూ కూర్చుంటారని మేనేజర్ తాళంచెవి జేబులో వేసుకు తిరుగుతాడు. ఆ జేబుతో సహా ఆయన పొద్దున్నే ఎక్కడికో వెళ్ళాడు.

తలుపు పక్కన గోడ మీద అద్దం కట్టిన ఫొటో, దాని కింద పచ్చ బాణం. ఫొటోలో బిల్డింగ్ వెనకవైపు ఇనుప మెట్లు. కమ్మీల మీద తుప్పు చారలు. మూడో మెట్టు మీద ఎవరో మరిచిపోయిన చీపురు. ఈ కొత్త బిల్డింగ్‌లోకి మారి రెండు నెలలు. వెనక సందులోకి ఎవర్నీ పోనివ్వరు. ఆ మెట్లు తొక్కినవాళ్ళు లేరు గానీ, ఫొటోలో రోజూ చూస్తూనే ఉన్నారు.

ఫొటో తీసింది మెకానికే.

అతనికి బొమ్మల పిచ్చి. వేలెడంత ప్లాస్టిక్ సైనికుల ముక్కలు తెచ్చి అతికిస్తాడు. భూతద్దం కింద ఒంటి వెంట్రుక కుంచెతో కనుగుడ్లు దిద్దుతాడు. కీళ్ళు కదిలే వీరుల్ని వంచి నిలబెట్టి, పొద్దుటి ఎండలో డాబా మీద బోర్లా పడుకుని ఫోన్‌తో ఫొటోలు తీస్తాడు. అతని భార్య అదే హాల్లో మూడో లైనులో కాలర్లు కుడుతుంది. తన పెళ్ళి ఫొటోకి కూడా నవ్వని ఈ మనిషి బొమ్మ నవ్వు కోసం గంట పడిగాపులు కాస్తాడని చెప్పి అందరినీ నవ్వించేది.

ఆ ఫొటోలు మేనేజర్ కంట పడ్డాయి. బొమ్మలకే ఇంత బాగా తీసేవాడివి, కంపెనీకి నాలుగు తీయలేవా అన్నాడు. నాలుగు ఫొటోలకు వారం పట్టింది. ఆ వారం మిషన్ల పని కూడా తప్పించారు. ఆ ఫొటోలతో బిల్డింగ్ అనుమతి ఫైలు పైకి వెళ్ళింది. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కుర్చీలోంచి లేవకుండానే, వెనక మెట్లు తుప్పు పట్టాయి, రంగు వేయించండి అని రాసి, సంతకం గిలికి పోయాడు. మెకానిక్ చొక్కాకు భద్రతా కమిటీ బిళ్ళ వచ్చింది. ఆ రోజు నుంచి అతను ఆడవాళ్ళతో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశాడు. బిళ్ళతో పాటు పొగరూ వచ్చిందనుకున్నారు.

ఇప్పుడా బిళ్ళ మీదే పెద్దక్క కళ్ళు పడ్డాయి. పెద్దక్క అంటే హాలు మొత్తానికి పాత చెయ్యి. పాతికేళ్ళుగా కాజాలు కుడుతోంది.

“తప్పుకోరా నాయనా,” అంది. “తాళం పగిలితే మీ మేనేజర్ కొడతాడనా? బతికి బయటపడితే మేమే చందాలేసుకుని కొత్త తాళం కొనిస్తాం.”

మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. రోడ్డు వైపు కిటికీ చూపించాడు. దాని గ్రిల్ ఎనిమిది బోల్టుల మీద ఉంది, స్పానర్‌తో పది నిమిషాల్లో ఊడదీస్తాను, ఫైరింజన్ నిచ్చెన అటే వేస్తారు, అందరూ అటు నడవండన్నాడు.

“తలుపు పెట్టుకుని కిటికీ అంటాడేంటే వీడు,” అన్నారెవరో. ఒకామె అతని మొహాన ఉమ్మింది.

అతను తుడుచుకోలేదు. స్పానర్ తీసుకుని కిటికీ వైపు నాలుగడుగులు వేశాడు. వేశాడో లేదో, పది మంది తలుపు మీద పడ్డారు. ఒకరి చేతిలో కత్తెర, ఒకరి చేతిలో స్టూలు. పరుగున వెనక్కి వచ్చి వాళ్ళను లాగేసి మళ్ళీ అడ్డం నిలబడ్డాడు. ఇక్కడుంటే గ్రిల్ ఊడదు. అక్కడికి పోతే తలుపు ఆగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

పొగ ట్యూబ్‌లైట్ల కిందికి దిగింది.

అప్పుడొచ్చింది భార్య. అతని పనిముట్ల డబ్బాలోంచి తీసిన సుత్తి ఆమె చేతిలో ఉంది.

“ఏమయ్యా,” అంది. “నీ బొమ్మల్ని చూసుకున్నట్టు నన్నేనాడూ చూసుకోలేదు. పోనీలే అనుకున్నా. ఈ ఆడకూతుళ్ళేం చేశారు నీకు? ఇంట్లో మన పిల్ల ఉంది. తప్పుకో.”

అతను తలుపుకు ఇంకా గట్టిగా ఆనుకున్నాడు.

“నీలాంటోడికి కంపెనీయే పెళ్ళాం,” అని భుజంతో నెట్టింది. ఇంకో నలుగురు చొక్కా పట్టుకుని అతన్ని పక్కకు ఈడ్చారు. బిళ్ళ తెగి ఎవరి కాళ్ళ కిందో పడింది. సుత్తి మొదటి దెబ్బకు తాళం వంగింది. ఆ చప్పుడు వినగానే వెనకున్నవాళ్ళంతా ఒకర్నొకరు తోసుకుంటూ తలుపు మీదికి ఎగబడ్డారు. తెరుచుకోవడమే తరువాయి, అందరూ ఒక్కసారే బయట పడాలి.

రెండో దెబ్బకు లేచిన ఆమె చేతికి మెకానిక్ రెండు చేతులతో వేలాడి, అరవై మందికీ వినపడేలా అరిచాడు:

“అవతల మెట్లు లేవే, ఆ ఫొటోలో ఉన్నవి అట్టముక్కలతో నేను చేసిన జానెడు మెట్లు.”