పెరిగిన ధరకు కారణం

దేవుడు గాలినీ వెలుతురునూ అందరికీ సమానంగానే పంచాడు. పలకరించే మనిషిని మాత్రం కొందరికి ఎందుకు కరువు చేశాడన్నది నాకు ఏళ్ల తరబడి తీరని సందేహం.

"మళ్లీ పెంచావా అక్కా?" ధరలు రాసుకునే గుమాస్తా బల్ల మీద సంచీ పెడుతూ అడిగాడు.

ప్రభుత్వం తరఫున నెలనెలా దుకాణాలు తిరిగి ధరలు రాసుకెళ్లడం అతని పని. ధర మారకపోతే గుమ్మంలోంచే వెళ్లిపోవచ్చు. మారితే కూర్చుని కారణం రాసుకోవాలి. లాంతర్ల దుకాణం ముసలామె గాజు చిమ్నీ ధర ప్రతినెలా పెంచుతూనే ఉంది. వీధిలో ఇంటింటా కరెంటు దీపాలొచ్చాక ఆ గడప తొక్కేవాళ్లే అరుదు.

"కారణం చెప్పు."

"ముందు కూర్చో. మీ ప్రభుత్వం రాత్రీ పగలూ నోట్లు అచ్చు గుద్దుతుంటే ధరలు పెరగక చస్తాయా?"

"చిమ్నీలు కొనేవాడే లేడు కదక్కా!"

"మంచిదేగా, ఎవరి మీదా భారం పడదు. రాసుకో."

అతను నవ్వాడు. ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఇకమీదట నోట్ల అచ్చు తగ్గిస్తారట అక్కా. పొద్దున రేడియోలో చెప్పారు. ధరలు నిలబడతాయి."

చిమ్నీ తుడుస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. "అయితే నువ్విక కూర్చోవన్నమాట."

అతను జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. "మొదటిసారి వచ్చినప్పుడు నా చెయ్యి తగిలి ఓ చిమ్నీ పగిలింది, గుర్తుందా? దాని బాకీ. ఇవాళ్టి ధరకే తీసుకో."

ఆమె ఎన్నడూ అడగని బాకీ అది. ఇప్పుడు తీరుస్తున్నాడంటే ఇక రాడన్నమాటే.

"సెలవు తీసుకుంటున్నావా తమ్ముడూ?"

అతను తల దించుకున్నాడు. "నీకు చెప్పలేదు గానీ, నేను రిటైరై చాలాకాలమైందక్కా. ఇంట్లో మాట్లాడే దిక్కులేక ఈ సంచీ తగిలించుకుని వస్తున్నా. ధరలే కదలకపోతే ఇంకే వంకతో కూర్చోను?"

ఆమె ఆ డబ్బులోంచి కాస్త చిల్లర ఏరుకుని, మిగతాదంతా అతని ముందుకు తోసింది.

"నీ బాకీ తీరిపోయింది."

"అదేంటక్కా, ఇంతేనా?"

"చిమ్నీ ధర ఇప్పటికీ అంతే. నీ ఉద్యోగంలోకి వచ్చిన అమ్మాయి గుమ్మంలో నిలబడి నెలనెలా ఆ ధరే రాసుకుపోతోంది. పెంచుతున్నది నీ ఒక్కడికే."