శుక్రవారం గోడ

"ఆ మొహం తుడిచెయ్యవయ్యా!" అంటూ ఆదివారం ఆరాధన కాగానే సంఘపెద్దలంతా చర్చి గోడ ముందు చేరి అరిచారు.

గోడమీద ఉన్నది మట్టలాదివారం బొమ్మ. యేసు గాడిదనెక్కి వస్తుంటే తాటిమట్టలు ఊపే జనమంతా మా పల్లెవాళ్లే. మిరపకోతల నుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే నిలబడి, పొదిలి సినిమా హాలుకు బోర్డులు రాసే బాలస్వామి చేత గీయించుకున్నారు. ముందువరసలో నా మనవరాలు దేవకుమారి నవ్వుతోంది. హిందువుల కుర్రాణ్ణి రిజిస్టరు పెళ్లి చేసుకుందని సంఘం దాన్ని వెలివేసింది.

"గాడిదకు చోటుంది గానీ మా పిల్లకు లేదుటండీ?" అన్నాను.

"తుడిచెయ్! తుడిచెయ్!" అంటూ పిడికిళ్లెత్తారు. మెడనరాలు ఉబ్బాయి. బాలస్వామి మాత్రం ఓ మూల అట్టమీద బొగ్గుతో ఏదో గీసుకుంటున్నాడు.

"గుడ్‌ఫ్రైడే దాకా ఆగండయ్యా, చూద్దాం" అని వాడు పెద్దల్ని పంపేశాక నాకు ఒళ్లు మండింది.

"నీకు నోట్లో నాలుక లేదురా?"

"ఎదురు గోడమీద శుక్రవారం బొమ్మకు, యేసును 'సిలువ వేయండి' అని అరిచే జనం కావాలి టీచరమ్మగారూ. ఎంత బతిమాలినా ఒక్కరూ నిలబడలేదు. ఇవాళ దొరికారు" అన్నాడు.

గుడ్‌ఫ్రైడేకి ఆ గోడా పూర్తయింది. పిడికిళ్లతో, తెరిచిన నోళ్లతో పెద్దలంతా ఉన్నారు. చూశారు, దగ్గారు, చాపలమీద కూర్చున్నారు. ఆ తర్వాత ఏ మొహాన్నీ తుడిచెయ్యమని ఎవరూ అనలేదు.

అనాలంటే ముందు ఆ అరిచే మొహం తనదేనని ఒప్పుకోవాలి కదా!