వెనక్కి తిరిగిన పడవ

“పడవ ఎక్కడుందో చూపించమంటే ఈ అంకెలేంటే కుమారీ?”

నిజాంపట్నం రేవులో, పడవల ఆఫీసులో పేరమ్మ ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడింది. గాలివానకు పడవలన్నీ ఒడ్డు చేరాయి, రెండు తప్ప. ఒకటి ఆమె కొడుకు చిన్నాది, ఇంకొకటి కుమారి తండ్రి పిచ్చయ్యది. వలల గొడవై ఆ రెండిళ్ళకూ ఏడాదిగా మాటల్లేవు. అయినా ఆఫీసులో కంప్యూటరు చూసేది ఆ ఇంటిపిల్లే, అడగక తప్పలేదు.

“పడవలో యంత్రం పంపిన దారేలే అత్తా. ఈ లినక్స్ కంప్యూటరు దాన్ని రాత ఫైలనుకుని తెరుస్తోంది.” కుమారి ఫైలు దేంతో తెరవాలో అడిగినచోట మ్యాపును ఎంచి, ‘ఎప్పుడూ దీంతోనే’ అన్నచోట టిక్కు పెట్టింది.

అంకెలు పోయి సముద్రం మీద చిన్నా పడవ తిరిగిన గీత కనబడింది. ఒడ్డు దాకా వచ్చిన గీత మళ్ళీ లోపలికి తిరిగింది.

“ఇంటి ముందుకొచ్చినోడు వెనక్కెందుకు పోయాడే?”

కుమారి తండ్రి పడవ ఫైలు నొక్కింది. అది అడక్కుండానే మ్యాపులో తెరుచుకుంది. పిచ్చయ్య గీత నడిసముద్రంలో ఆగిపోయింది. చిన్నా గీత తిన్నగా అక్కడికే వెళ్ళింది. అక్కణ్ణించి రెండూ ఒకదాని వెంట ఒకటి ఒడ్డువైపు కదిలాయి.

“మా నాన్న పడవకి తాడేసి లాక్కొస్తన్నాడత్తా,” అంది కుమారి.

పేరమ్మ కుమారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మీ అమ్మకి ఫోన్ చెయ్యవే. నేను మాట్లాడతా.”