బొంబాయి నుంచి ఇరవై ఆరు గంటలు

"నమ్రతా, బొంబాయి నుంచి బ్యూనస్ ఎయిర్స్‌కు విమానంల ఎన్ని గంటలు పడ్తది? జర మొబైల్ల చూసి చెప్పు."

పైగదిలో అద్దెకుంటున్న వెంకటేశ్ అలా అడిగేసరికి, గడపలో కూర్చుని బీడీలు చుడుతున్న శాంత తలెత్తింది.

వెంకటేశ్ కుంఠా నాకాలో మరమగ్గాలు బాగుచేసే మెకానిక్. మరాఠీ ఊళ్ళో తెలుగువాళ్ళుండే భవాని పేట్‌లోని ఈ ఇంట్లో దిగి రెండు నెలలైంది. తనవాళ్ళెవరో ఎప్పుడూ చెప్పుకోలేదు.

శాంత కూతురు నమ్రత వెతికి చెప్పింది. అర్జెంటీనాలో ఉంది. దగ్గర దగ్గర పదిహేను వేల కిలోమీటర్లు. నేరుగా విమానం లేదు, మధ్యలో మారాలి. ఎంత లేదన్నా ఇరవై ఆరు గంటలు.

అతను వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నడుమ దిగిన కాడ చేతిల డబ్బాను ఎక్స్‌రే మిషన్ల పెడ్తరా? పెట్టకుంట పోనియ్యరా?"

శాంత బీడీల చాట పక్కకు నెట్టింది. నువ్వు పోతున్నవా అని నిలదీసింది.

"నేను కాదక్కా. డబ్బా పోతది."

డబ్బాలో ఏముందంటే మాట దాటేశాడు.

కొన్నాళ్ళకు రోజూ పొద్దున్నే స్కూటీ మీద ఒకావిడ రావడం మొదలైంది. పైకి వెళ్ళి తలుపు వేసుకునేది. పది నిమిషాల్లో దిగి వెళ్ళిపోయేది.

మూడో రోజు శాంత ఆగలేక పైకి వెళ్ళింది. వెంకటేశ్ పనికి పోకుండా నడుం పట్టుకుని పడుకున్నాడు. చెత్తబుట్టలో దూది, ఖాళీ మందు సీసా. అతని జబ్బ మీద సూది గుర్తులు.

మత్తుమందే అనుకుంది శాంత. ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇల్లు. భర్త గంగాధర్ కార్ఖానా నుంచి వచ్చేదాకా కూడా ఆగలేదు.

"నువ్వు ఏం ఎక్కించుకుంటున్నవో, ఏం పంపుతున్నవో నాకొద్దు. ఇయ్యాల్నే ఖోలీ ఖాళీ చెయ్యి."

"తప్పు పని కాదక్కా. ఎవ్వరికీ చెప్పనని సంతకం పెట్టిన. రేపటి దినం ఒక్కటి ఉండనియ్యి. సూది తప్పొద్దు."

సూది అనేసరికి ఆమె ఇంకా బెదిరింది. పోలీసులకు ఫోన్ చేస్తానంది.

అతను మళ్ళీ బతిమాలలేదు. సంచి సర్దుకుని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగాడు. శాంత అప్పటికే పేటంతా చెప్పేసింది. అశోక్ చౌక్ దాకా అతన్ని ఎవరూ పలకరించలేదు.

ఆరు నెలల తర్వాత ఆ స్కూటీ ఆవిడే తలుపు తట్టింది. నర్సునని మరాఠీలో చెప్పింది. నాలుగో సూది బస్టాండు బెంచీ మీద వేశానని, అయిదోది పుణె ఆసుపత్రిలో వేశారని అంది. ఇప్పుడు అతని ఫోన్ కలవడం లేదట. ఎక్కడున్నాడని అడిగింది.

శాంతకు తెలియదు. కుంఠా నాకాలో పని కూడా మానేశాడని మాత్రం విన్నది.

"ఆయనకు ఏం రోగం?" అని అడిగింది.

రోగం ఆయనకు కాదని, ఆ సూదులు ఇంకొకరికి ఇవ్వాల్సినవి ఆయన రక్తంలో పెరగడానికని చెప్పి, నర్సు ఆయనకొచ్చిన ఉత్తరం ఇచ్చింది. నమ్రత చదివి తల్లికి తెలుగులో చెప్పింది.

రాసిన తల్లి తన పేరు పెట్టలేదు. లోకమంతా వెతికితే రక్తం పుట్టించే మూలకణాలు సరిపోయిన మనిషి మీరొక్కరే దొరికారని, మీ రక్తంలోంచి తీసి డబ్బాలో పంపినవి ఎక్కించాక, రక్త క్యాన్సర్‌తో ఇక బతకదనుకున్న తన ఆరేళ్ళ పాప ఇప్పుడు ఇంట్లో తమ్ముడితో పోట్లాడుతోందని రాసింది.