సీసాలో నాలుగు దశలు

ఆ ఉదయం టీచరమ్మ చేతిలో ఉన్నవి ఒక ఖాళీ గాజు సీసా, ముప్పై ఎనిమిది మంది మూడో తరగతి పిల్లలు, ఒక్క రోజు గడువు.

"ప్రాణమున్నవే చూపించాలమ్మా. గుడ్డు, లార్వా, ప్యూపా, పెద్ద పురుగు, నాలుగూ కావాలి," అన్నారు హెడ్మాస్టరు. "రేపు తనిఖీ అధికారి మీ క్లాసులోనే కూర్చుంటారు. పాఠం నచ్చితే ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే... మూడేళ్ళ నుంచీ తాత్కాలికంగానే నెట్టుకొస్తున్నారు, నేను చెప్పేదేముంది."

"బొమ్మల చార్టు చాలదా సార్?"

"చార్టు చూపించిన ఇద్దరు టీచర్లూ పోయినేడాది ఇంటికెళ్ళిపోయారు."

ఆమె మనసులో బేరీజు వేసుకుంది. సీతాకోకచిలుకల కాలం దాటిపోయింది. దోమల కోసం వెళ్దామంటే ఎక్కడా నీటి చుక్క లేదు. ఈగ గుడ్డు మళ్ళీ ఈగ కావాలంటే పది రోజులు. పిల్లల్ని తెమ్మందామన్నా అందరూ బడి వెనక హాస్టల్లో ఉండేవాళ్ళే, ఇల్లు దగ్గరున్నవాళ్ళు ఒక్కరూ లేరు. నాలుగు దశలూ ఒకేచోట, ఒకేసారి దొరికే సరుకు ఒక్కటే: పురుగు పట్టిన పిండి.

ఆ మాట తలుచుకోగానే నాన్న కొట్టు గుర్తొచ్చింది. పప్పులూ పిండీ అమ్మే కొట్లో పుట్టి పెరిగిన మనిషి ఆమె. చిన్నప్పటి సెలవులన్నీ జల్లెడ ముందే గడిచాయి. జల్లెడలో మిగిలి మెలికలు తిరిగే సన్నటి పసుపుపచ్చ పురుగుల్ని చూసి డోకొచ్చి, ఈ దరిద్రం కంటపడని ఉద్యోగం వస్తే చాలనుకుని చదువుకుంది. ఇప్పుడు అదే దరిద్రాన్ని వెతుక్కుంటూ సాయంత్రం నాన్న కొట్టుకు వెళ్ళింది.

"నాన్నా, పురుగు పట్టిన పిండి కాస్త ఉందా?"

నాన్న ఉలిక్కిపడి వీధి వైపు చూశాడు. "నెమ్మదిగా తల్లీ! ముప్పై ఏళ్ళ కొట్టు. పురుగన్న మాట ఈ గుమ్మం తొక్కిందా ఎప్పుడైనా?"

"నేనే జల్లించేదాన్ని కదా నాన్నా."

"జల్లించావు, పోయింది. పోయిందంటే లేనట్టేగా?"

"నా ఉద్యోగం నాన్నా! ఒక్క గుప్పెడు చాలు."

"నిజంగానే లేదమ్మా. ఉన్నా ఇవ్వను, అది వేరే సంగతి. ఈ వ్యాపారంలో పురుగెప్పుడూ పక్క కొట్లోనే ఉంటుంది. అక్కడ అడుగు."

పక్క కొట్టాయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "రామ రామ! నా దగ్గరా? మీ నాన్న దగ్గర చూడమ్మాయ్!" అలా తొమ్మిది కొట్లు తిరిగింది. తొమ్మిదీ కడిగిన ముత్యాలే. అబద్ధం ఆడని పిండి ఊళ్ళో ఒక్క కొట్లోనూ దొరకలేదు.

మర్నాడు ఖాళీ సీసాతోనే బడికొచ్చింది. అది చూసి రెండు జడల పిల్ల ఒకతె పరుగెత్తుకొచ్చింది. క్లాసు లీడరు.

"ఏం కావాలి టీచర్ అందులోకి?"

"పిండి పురుగులే. నీకెందుకు తల్లీ, వెళ్ళి కూర్చో."

"ఇటివ్వండి టీచర్!"

సీసా లాక్కుని మాయమైంది. పది నిమిషాల్లో తిరిగొచ్చింది. సీసాలో సగానికి పైగా పిండి, పురుగు ముదిరి బూడిద కలిసిన గులాబి రంగుకు తిరిగింది. ముక్కు పగిలే ఘాటు. గాజుకు అంటుకుని పాకుతున్న పసుపుపచ్చటి పురుగులు, కదలని తెల్లటి ప్యూపాలు, పైన కందిపోయినట్టు ఎర్రటి పెద్దవి. ఆమె చేతి రుమాలుతో పట్టుకుంది. సంచిలో ఉన్న తన టిఫిన్ డబ్బా గుర్తొచ్చి, ఈ పూటకి అది కుక్కకే అనుకుంది. ఎక్కడివని అడిగే లోపే అధికారి గుమ్మంలోకి వచ్చారు.

పాఠం మొదలైంది. పిండికి అంటుకున్న గుడ్లు చూడ్డానికి భూతద్దం చేతులు మారింది. ఆమె సీసాను రుమాలుతోనే తిప్పి చూపించింది. పిల్లలు మాత్రం ఒక్కరూ ముఖం చిట్లించలేదు.

"వీటంటే భయం లేదా మీకు?" అధికారి అడిగారు.

"ఏం చేస్తాయి సార్ పాపం," అన్నాడు ముందు బెంచీ వాడు.

"పెద్ద పురుగును ఎలా గుర్తుపడతారు?"

"ఎర్రగా ఉంటుంది సార్. ఎంత వేడి తగిలినా దాని పెంకు మెత్తబడదు. తెల్లది మెత్తబడిపోతుంది."

"భలే! పిండిలో పురుగు పడిందని ముందు ఎలా తెలుస్తుంది?"

"కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది సార్, వాసనతోనే," అంది రెండు జడల పిల్ల. క్లాసంతా నవ్వింది.

అధికారి పెన్ను తీశారు. "ఇరవై ఏళ్ళ సర్వీసులో స్వయంగా ఇంత బాగా గమనించే పిల్లల్ని చూడలేదమ్మా. ఇది పుస్తకం నేర్పేది కాదు. మీరు కష్టపడి అలవాటు చేశారు."

ఆమె కాదనలేదు. తాను నేర్పనివి వాళ్ళకెలా వచ్చాయన్న అనుమానం వచ్చింది గానీ, వచ్చిన లాభాన్ని ఎవరు తూకం వేసి చూస్తారు? కాగితం మీద సంతకం పడింది. ఉద్యోగం పర్మనెంటు.

మధ్యాహ్నం గంట మోగింది. అధికారిని సాగనంపి వచ్చి ఆమె లెక్క చూసుకుంది. పోయింది ఒక పూట తిండి. వచ్చింది జీవితకాలపు జీతం, అధికారి చేతిరాతలో మూడు వాక్యాల పొగడ్త. ఇంతకన్నా మంచి బేరం నాన్న కూడా ఎన్నడూ చేసి ఉండడు.

పళ్ళెం పట్టుకుని హాస్టల్ భోజనాల వరుసలోకి పరుగెడుతున్న రెండు జడల పిల్లను ఆపి, సీసాను రెండు వేళ్ళతో అందించింది.

"ఇదుగో తల్లీ, ఎక్కడివక్కడే పారబోసి రా. ఇక నేను చూడలేను. అసలింత అసహ్యం ఎక్కడ దొరికిందే నీకు?"

పిల్ల సీసాను గుండెకు హత్తుకుని, వరుస ముందుకు కదిలిపోతోందని కంగారుగా అటు చూస్తూ చెప్పింది.

"మా రొట్టెల పిండే కదా, టీచర్."