పగలు గోల లేని గది

“భయ్యా, బోటింగు సంగతి తర్వాత. ముందు పగటిపూట గోల ఉంటుందో లేదో చెప్పండి.”

సత్యారావు తనకొచ్చిన హిందీలో మూడో హోటల్ వాణ్ని ఫోన్లో నిలదీస్తున్నాడు. ఎదురుగా కూర్చున్న కూతురు కృష్ణప్రియకు ఒళ్లు మండిపోతోంది. నాన్న స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాడు కదా, అమ్మానాన్నలను నాలుగు రోజులు గంగ్రేల్ డ్యామ్ దగ్గర సరదాగా ఉంచుదామని, కోహ్కాలోని తన ఇంటి నుంచి పనిగట్టుకుని స్మృతి నగర్‌లోని ఈ పుట్టింటికి వచ్చిందామె. నీళ్లకు ఎదురుగా బాల్కనీ, సాయంత్రం పాటలు, పొద్దున్నే పడవ షికారు ఉన్న బంగారంలాంటి హోటల్ చూపిస్తే, ఈ పెద్దమనిషి అడిగే ప్రశ్నలు చూడండి!

“కర్టెన్లు మందంగా ఉంటాయా? కాలింగ్ బెల్లు తీసేయొచ్చా? వెనకవైపు ఆఖరి గది ఖాళీ ఉందా?”

“నాన్నా! వెనకవైపు ఏముందని? గోడ కనిపిస్తుంది. అమ్మ అంత దూరం వెళ్లి గోడ చూడాలా?”

సత్యారావు ఫోన్ చేత్తో మూశాడు. “నీకు తెల్దులే అమ్మా. హోటల్ సరిగ్గా కుదరకపోతే ఎళ్లినా ఎళ్లనట్టే.”

“అమ్మా, నువ్వైనా చెప్పు. నీకేం కావాలి?”

వంటింట్లోంచి చిన్నమ్మలు నవ్వింది. “నాకేటి కావాలే? మీ నాన్న ఎక్కడికంటే అక్కడికే.”

కృష్ణప్రియ బాధంతా అదే. అమ్మ ఏనాడూ నాకిది కావాలని నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు.

ప్లాంటు వాళ్లిచ్చిన సెక్టార్ క్వార్టర్లో ఉన్న రోజులు ఆమెకు బాగా గుర్తు. నాన్నది బ్లాస్ట్ ఫర్నేసులో ఉద్యోగం. నైట్ షిఫ్ట్ వారం వచ్చిందంటే పగలల్లా ఇంట్లో అందరి నోళ్లకూ తాళాలే. చిన్నమ్మలు కాలింగ్ బెల్లు తీగ పీకేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, గుమ్మం బయట స్టూలు వేసుకుని కూర్చునేది. కూరగాయల బండి వాడు కేక పెట్టబోతే పరుగెత్తి వెళ్లి బతిమాలేది. కుక్కర్ కూత వేయడానికి వీల్లేదు. పిల్లలు ఆడుకుంటూ అటు వస్తే చాలు, పెదవుల మీదికి వేలు వచ్చేది.

“ష్! మీ నాన్న పడుకున్నారు. అక్కడ కొలిమి కాడ కన్ను మూతపడితే మనిషి మిగలడే!”

పోనీ రాత్రిళ్లు తనైనా పడుకునేదా అంటే, అదీ లేదు. ఆయన సైకిల్ చప్పుడు వినబడేదాకా మంచం మీద దొర్లుతూనే ఉండేది. మార్నింగ్ షిఫ్ట్ వారం చీకటితోనే లేచి క్యారేజీ కట్టేది. ఇప్పుడు క్యారేజీ లేకపోయినా ఆ వేళకే లేచి కూర్చుంటోంది.

తన చదువూ ఉద్యోగమూ అమ్మ చలవేనని కృష్ణప్రియకు తెలుసు. అందుకే ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అమ్మ పడవెక్కి గట్టిగా కేరింతలు కొట్టాలని ఆమె ఆశ.

నాన్నకు మాత్రం కృతజ్ఞత లేదా? ఉంది. రిటైర్మెంటు సభలో మైకు చేతికిస్తే, “ఒక్క దెబ్బ తగల్కుండా ఇంటికి పోతన్నానంటే మా ఆవిడ పుణ్యమే” అని తన మెడలో దండ తీసి అమ్మ మెడలో వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దండదేముంది, మర్నాటికి వాడిపోయింది అనుకుంది కృష్ణప్రియ.

చివరికి నాన్న పంతమే నెగ్గింది. డ్యామ్‌కు దూరంగా ఉన్న హోటల్లో, వెనకవైపు ఆఖరి గది తీసుకున్నాడు.

వెళ్లిన మర్నాడు కృష్ణప్రియ అమ్మకు ఫోన్ చేస్తే స్విచాఫ్. నాన్నకు చేసింది.

“పడవెక్కారా నాన్నా?”

“ఇంకా లేదమ్మా. తర్వాత మాటాడతాను” అని లోగొంతుకతో అని పెట్టేశాడు.

సాయంత్రం చేసినా అదే గొంతు, అదే మాట. నిద్రమత్తు ఇంకా వదల్లేదు కాబోలు అనుకుని పళ్లు కొరికింది. ఆ మర్నాడు ఉండబట్టలేక హోటల్ కౌంటరుకే ఫోన్ చేసింది.

“ఏం చెప్పమంటారు మేడమ్!” అని వాపోయాడు అక్కడి మనిషి. “ఆ గది వాళ్లు గుమ్మం దాటితే ఒట్టు. తలుపు బయట స్టూలు వేయించుకుని కాపలా ఒకటి! బకెట్ చప్పుడైనా ఊరుకోరు. మా వాళ్లంతా పిల్లుల్లా నడుస్తున్నారు.”

స్టూలు! ఆ మాట వినగానే కృష్ణప్రియ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“జీతూ, గాడీ నికాలో” అని కారు తీయమంది భర్త జితేంద్రను. “అమ్మకి అక్కడ కూడా స్టూలే యార్!”

“అరే ప్రియా, పెద్దాయన అలవాటు...”

“అలవాటా? సెలవులకెళ్లి కూడా ఆయన నిద్రకి మా అమ్మ చౌకీదారా? ఈరోజు నాన్నని కడిగి పారేస్తాను చూడు.”

దారంతా అనాల్సిన మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. హోటల్ చేరగానే జితేంద్ర కారు ఆపేలోపే దిగి, చెప్పులు టకటకలాడించుకుంటూ వెనకవైపు కారిడార్‌లోకి దూసుకెళ్లింది.

అనుకున్నట్టే చివరి తలుపు ముందు, మసక వెలుతురులో స్టూలు. దాని మీద గోడకు చేరబడి కూర్చున్న మనిషి. చెప్పుల చప్పుడుకు ఆ మనిషి ఉలిక్కిపడి లేచి, పెదవుల మీద వేలు పెట్టుకోవడం చూసి కృష్ణప్రియ ఉన్నచోటే ఆగిపోయింది.

“ష్! మీ అమ్మ పడుకుంది.”